చవక పందిరి

మధ్యాహ్నానికి గాలి బాగా ముదిరింది. పెరట్లో నారు మీద వేసిన ప్లాస్టిక్ పందిరి ఒక పక్క పైకి లేస్తుంటే, అక్క దాని గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. చెల్లెలు కత్తెర తెచ్చింది.

“ప్లాస్టిక్ కోసేద్దామక్కా. ఇంత చవక గొట్టాలు ఈ గాలికెక్కడ ఆగుతాయి?”

“మీ బావ వద్దంటున్నా కొన్నానే. నా ఉద్యోగం పోయాక నేను మొదలెట్టిన పని ఇదొక్కటే.”

“ఊడిందంటే తిన్నగా పక్కింటి కిటికీ మీదికే. ఆ గదిలో బాలింత పడుకుని ఉంది.”

అక్క ఒక చెయ్యి గొట్టం మీంచి తీసి చాచింది.

“కత్తెర ఇటివ్వు. కొన్నదీ నేనే, కోసేదీ నేనే.”

ప్లాస్టిక్ నిలువునా చీలగానే గాలి దారి చూసుకుంది. గొట్టాలు నిలిచాయి. నారు మాత్రం మడికి మడే నేలకి వాలిపోయింది.

“ఒక్కటైనా బతుకుతుందంటావా?”

“గాలి తగ్గనీ అక్కా. ఇద్దరం కలిసి లేవనెత్తుదాం.”