మామయ్య మోసుకెళ్ళిన గడియారం

పార్సిలాఫీసు హాల్లో టేపుల మామయ్య నోరు విప్పాడంటే లైను ఎంత పొడుగున్నా ఎవరికీ పొడుగనిపించదు. నమ్మేవాళ్ళు ఒక్కరూ లేరు, వినకుండా లేచిపోయినవాళ్ళూ లేరు.

సెలవులకి ముందు ఆఖరి పనిదినం అది. రేపట్నించి ఆరు రోజులు కౌంటరు తెరవరు. ఆన్‌లైన్ వేలంలో పాతసరుకు అమ్ముకునే వాళ్ళంతా అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని, టోకెన్లు పట్టుకుని బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి, కొట్టు మూసేశాక ఇంట్లోనే పాత గడియారాలు నడిపించి వేలానికి పెడుతున్న మనిషి మామయ్య. ఒక్కో పెట్టెకి ఒక్కో టేపు చుట్ట మొత్తం చుట్టేస్తాడని ఆ పేరు.

ఇవాళ ఆయన ఒళ్ళో ఉన్న పెట్టె మీద లేబులు పన్నెండు రోజుల నాటిది. ఆ సంగతి హాల్లో ఆయనొక్కడికే తెలుసు.

సీజన్లో అందరూ చేసే పనే ఇది. అమ్మిన మర్నాటికల్లా సరుకు పంపకపోతే వేలం సైటు వాళ్ళు అమ్మేవాళ్ళ పేరు పక్కనుండే నక్షత్రాలు కోసేస్తారు. కాకపోతే లేబులు ప్రింటు తీస్తే చాలు, సరుకు వెళ్ళిపోయినట్టే సైటు రాసేసుకుంటుంది. అందుకని ముందు లేబులు తీసి అంటించేసి, తర్వాత తీరిగ్గా సర్దుకుంటారు. తీరిగ్గా అంటే ఒక పూట, మహా అయితే ఒక రోజు. మామయ్యకి పన్నెండు రోజులు పట్టింది. లేబులు అంటించాక ఎందుకైనా మంచిదని గడియారాన్ని ఒకసారి నడిపించి చూస్తే గంట కొట్టలేదు. లోపల చిన్న స్ప్రింగు కొక్కెం ఊడింది. ఒకప్పుడైతే కబుర్లు చెబుతూ తగిలించేసేవాడు. ఈసారి పట్టకారు తీసుకుంటే చెయ్యి వణికింది. రోజూ కూర్చున్నాడు, రోజూ జారిపోయింది. నిన్న మధ్యాహ్నానికి ఎలాగో పడింది. చెయ్యి వణుకుతోందని ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

కొన్నావిడ ఇదే ఊళ్ళో అటు చివర ఉంటుంది. మొదటి మెసేజీలోనే అంతా రాసింది. 'మా నాన్నగారికి మతిమరుపు జబ్బండీ. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి గోడగడియారానికే రోజూ పొద్దున్నే కీ ఇచ్చి, ఆ తర్వాతే ఏదైనా తినేవారు. మొన్న అది పడి పగిలిపోయింది. ఇప్పుడు కీ పట్టుకుని ఖాళీ గోడ ముందు నిలబడిపోతున్నారు. ఎంత బతిమాలినా తినడం లేదు. చూసుకునే మనిషి సెలవులకి ఊరెళ్ళిపోతుంది. ఈలోపు అందేలా చూడండి.'

'పంపించేశాను, ఓపిక పట్టండి' అని కొట్టాడు మామయ్య. రోజూ ఆవిడ అడుగుతూనే ఉంది, రోజూ ఆయన అదే కొడుతూ వచ్చాడు. మొన్న విసుక్కున్నాడు కూడా. 'నన్ను పీక్కు తింటే ఏం లాభం? పార్సిలాఫీసు వాళ్ళనడగండి' అన్నాడు. అలా అన్నందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ, తిరిగి రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

హాల్లో మొదలుపెట్టింది గుండీలక్క. సీసాల కొద్దీ పాత గుండీలు అమ్ముతుందామె. "ఈ కొనేవాళ్ళకి ఓపిక లేకుండా పోయింది బాబూ! పొద్దున కొన్నది, మధ్యాహ్నానికల్లా ఎక్కడిదాకా వచ్చిందీ అంటారు. గుండీలకి కాళ్ళుంటాయా నడిచి రావడానికి?"

"నాకొకడు రాశాడు," అన్నాడు పక్కనున్న పుస్తకాలాయన. "ఇంకా రాలేదంటే నువ్వే చదువుతున్నావా అని."

అందరూ నవ్వారు. అందరి కళ్ళూ తన పెట్టె మీదికి వస్తాయేమోనని మామయ్యకి భయమేసింది. లేబులు మీదున్న తేదీ మీద అరచెయ్యి ఆనించి గొంతు సవరించుకున్నాడు.

"మీదీ ఓ కష్టమేనా? ఓపిక లేని మనిషంటే ఎవరో నన్నడగండి. ఇరవై మెసేజీలు! వారానికి కాదు, రోజుకీ కాదు, గంటకి! ఒకావిడ గోడగడియారం కొంది నా దగ్గర. ఆవిడ మెసేజీలకి నా ఫోను ఎంత వేడెక్కిపోయిందంటే, మీ అత్తయ్య దాని మీద గిన్నె పెట్టి టీ కాచింది. రెండు పొంగులొచ్చింది!"

"చక్కెర కూడా ఫోనే వేసిందా మామయ్యా?" అంది గుండీలక్క.

"ఎగతాళి చెయ్యకు. ఆవిడ గొంతు మీరు వినలేదు. ఫోనులో హలో అంటే మా ఇంట్లో గోడకున్న సున్నం రాలింది. సరే, ఇంత కంగారు పడుతోంది, మనిషన్నవాడికి మాట ముఖ్యమా కాదా? ఇరవై ఏళ్ళలో నా చేతి పార్సిలు ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఇది మాత్రం ఎందుకు కావాలి? లేబులూ వద్దు, లైనూ వద్దు, నేనే తీసుకెళ్ళి ఇచ్చొస్తా అని బయల్దేరాను."

ఆ మాట అంటుంటే మామయ్యకి నిజం గుర్తొచ్చింది. అంత తేలికైన పని. బస్సెక్కితే అయిపోయేది. కానీ వెళితే తలుపు తీసిన మనిషికి ఏదో ఒకటి చెప్పాలి కదా.

అప్పుడే ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిలో పెట్టె లేదు, ఫోను మాత్రమే ఉంది. కౌంటరు దగ్గరికి వెళ్ళి ఏదో చూపించింది. కౌంటరాయన అడ్డంగా తలూపాడు. ఆవిడ వచ్చి చివరి బెంచీ అంచున కూర్చుంది. వినేవాళ్ళలో ఒకరు పెరిగారని మామయ్య గొంతు పెంచాడు.

"గోడగడియారాన్ని పడుకోబెట్టి మొయ్యకూడదు, నిలబెట్టే తీసుకెళ్ళాలి. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాను. జనం ఎలా ఉన్నారనుకున్నారు? నా కాళ్ళు నేలకి ఆనలేదు. బస్సు ఇంకా కదల్లేదు, నా గడియారం టంగుమని పది కొట్టింది. డ్రైవరు ఉలిక్కిపడి బండి తీశాడు. పాపం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి టైముకి తీశాడట, ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకుని ఏడ్చాడట."

"నీకెలా తెలుసయ్యా?" అన్నాడు పుస్తకాలాయన.

"ఆయనే ఉత్తరం రాశాడు. విను! నాలుగు వీధులు దాటామో లేదో బస్సు ఆగిపోయింది. ఎదురుగా పార్సిలు వ్యాన్లు. ఒకటా రెండా? సీజను కదా, ఊరి మొదలు నుంచి ఊరి చివరిదాకా వ్యాను వెనక వ్యాను. చీమ దూరే సందు లేదు. ఏం చేశాననుకున్నారు? బస్సు కిటికీలోంచి మొదటి వ్యాను మీదికి దిగాను. దాని మీంచి రెండోదాని మీదికి. అలా మూడు వందల పన్నెండు వ్యాన్ల మీద నడిచాను, నేల మీద కాలు పెట్టలేదు. లోపలున్న పార్సిళ్ళన్నీ నా అడుగుల చప్పుడు విని, మమ్మల్నీ తీసుకెళ్ళు మామయ్యా అని అరిచాయి!"

"నా గుండీలు కూడా అరిచాయా?"

"నీ గుండీలే ముందు అరిచాయి తల్లీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన మూసేశారు! కింద నది. గడియారం నెత్తిన పెట్టుకుని దిగాను. నీళ్ళు మోకాలిదాకా వచ్చాయి, నడుందాకా వచ్చాయి, ముక్కుదాకా వచ్చాయి. నేను ఊపిరి బిగబట్టాను గానీ గడియారం బిగబట్టలేదు, టిక్కు టిక్కుమంటూనే ఉంది. చేపలకి ఆ తాళం నచ్చేసింది. బళ్ళో పిల్లల్లా వరసగా నా వెనకే వచ్చాయి, ఒడ్డుదాకా! మరి వెనక్కి పొమ్మంటే పోవు. గంట కొట్టాక గానీ పోలేదు."

హాలంతా గొల్లుమంది. కౌంటరాయన కూడా స్టాంపు చేతిలో పట్టుకుని వింటున్నాడు. నవ్వు వినిపించినంతసేపూ మామయ్య లేబులు సంగతి మరిచిపోయేవాడు. నవ్వు ఆగితే మళ్ళీ గుర్తొచ్చేది. అందుకని ఆపకుండా ఇంకా ఇంకా చెప్పాడు. ఆవిడది ఎనిమిదో అంతస్తు అన్నాడు. లిఫ్టు పాడైందన్నాడు. గొట్టం పట్టుకుని పాకానన్నాడు. నాలుగో అంతస్తులో బట్టలారేస్తున్నావిడ తనని చూసి కంగారు పడకుండా, వెళ్తూ వెళ్తూ ఈ దుప్పటి కాస్త పైతీగ మీద వెయ్యి నాయనా అందన్నాడు.

"వేశావా?"

"పెద్దావిడ అడిగితే వెయ్యనా? వేసి, క్లిప్పు పెట్టి మరీ పాకాను. తలుపు తట్టాను. గడియారం కొన్నావిడే తీసింది. కళ్ళలోంచి నిప్పులు! ఇంతసేపా అంది. అమ్మా, కొని ఇంకా గంట కాలేదు అన్నాను. దాంతో చల్లబడింది."

చివరి బెంచీ మీదావిడ నవ్వలేదు. ఫోను ఒళ్ళో బోర్లించి మామయ్యనే చూస్తోంది. అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరికితే మామయ్యని పట్టేవాళ్ళెవరు?

"లోపల వాళ్ళ నాన్న. పెద్దాయన. కీ చేత్తో పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు." ఇక్కడ మామయ్య గొంతు తగ్గింది. ఎందుకు తగ్గిందో ఆయనకే తెలియలేదు. "ఎన్నాళ్ళ నుంచో అలాగే నిలబడుతున్నాడు. తిండి లేదు. గడియారం తీసి గోడకి తగిలించాను. పెద్దాయన దగ్గరికొచ్చాడు, దాని అద్దం తలుపు తీశాడు, కీ పెట్టాడు. ఒక్క తిప్పు తిప్పాడో లేదో, ఆ వీధిలో ఆగిపోయిన గడియారాలన్నీ కదిలాయి. రెండో తిప్పుకి ఊళ్ళో గడియారాలు. మూడో తిప్పుకి నేను నలభై ఏళ్ళలో బాగుచెయ్యలేక వదిలేసినవి ఉన్నాయే, అవన్నీ, ఎక్కడెక్కడ అటకల మీదున్నవన్నీ ఒక్కసారి గంట కొట్టాయి! పెద్దాయన నడుము నిటారైంది. జుట్టు నల్లబడింది. వెనక్కి తిరిగి కూతురి వంక చూశాడు. చూసి, పేరు పెట్టి పిలిచాడయ్యా! నోరారా పేరు పెట్టి పిలిచాడు!"

"ఏమని పిలిచారండీ?"

అడిగింది చివరి బెంచీ మీదావిడ.

మామయ్య అటు తిరిగాడు. "అంటే?"

"పేరు పెట్టి పిలిచారన్నారు కదా. ఏమని పిలిచారు?"

"చెప్పు మామయ్యా," అంది గుండీలక్క నవ్వుతూ. "అంత చూసినవాడివి, అదొక్కటీ వినలేదా?"

వ్యాన్లకి లెక్క చెప్పిన మనిషికి ఒక్క పేరు నోటికి రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ఒళ్ళో ఉన్న పెట్టె వంక చూశాడు. చెయ్యి పక్కకి తీశాడు. లేబులు మీద పేరుంది. చదివాడు గానీ పైకి అనలేకపోయాడు.

ఆవిడ లేచి దగ్గరికి వచ్చింది. వంగి లేబులు చూసింది. పేరు చూసింది, అడ్రసు చూసింది, తేదీ చూసింది. అరుస్తుందనుకున్నాడు మామయ్య. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"మా నాన్న నన్ను పేరు పెట్టి పిలిచి రెండేళ్ళు దాటిందండీ," అందావిడ. "ఎవరమ్మా నువ్వు అంటారు, అంతే. మీరు చెబుతుంటే, కథే అని తెలుసు, అయినా ఒక్కసారి వినాలనిపించింది. అందుకని అడిగాను."

గుండీలక్క నవ్వు ఆగిపోయింది. పుస్తకాలాయన తల దించుకున్నాడు. ఎవరూ మామయ్య వంక చూడలేదు. చూడకపోవడమే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"పంపలేదు తల్లీ," అన్నాడు మామయ్య. హాలంతటికీ వినబడేలాగే అన్నాడు. "పన్నెండు రోజులూ నా బల్ల మీదే ఉంది. నీ మెసేజీలన్నీ చదివాను. చదివే అబద్ధం రాశాను. గంట స్ప్రింగు ఊడింది. గంటలో అయ్యే పని. నా చెయ్యి వణుకుతోందమ్మా, పట్టకారు నిలవడం లేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఇంట్లో కూడా చెప్పలేదు."

చెప్పడం అయిపోయాక చెయ్యి దాచుకోబోయి, మానేసి, అలాగే పెట్టె మీద ఉంచాడు. టేపు మీద వేళ్ళు సన్నగా కదులుతున్నాయి. అందరూ చూశారు.

ఆవిడా చూసింది. "ఇప్పుడు నడుస్తోందా?" అంది.

"నడుస్తోంది."

"గంట కొడుతుందా?"

"కొడుతుంది. నిన్నట్నించి ఒక్కటీ తప్పలేదు."

"అయితే ఇటివ్వండి. ఇంటి దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చాను."

మామయ్య పెట్టె ఇవ్వలేదు. రెండు చేతులా ఎత్తుకుని లేచి నిలబడ్డాడు. "నేను తీసుకొస్తాను. నిలబెట్టే మొయ్యాలి, నీకు అలవాటుండదు. వచ్చి, గోడకి గట్టి మేకొకటి కొట్టి, నేనే తగిలించి వెళ్తాను."

ఆవిడ అప్పటికే తలుపు వైపు నడుస్తోంది. వెనక్కి తిరగకుండానే అంది.

"మేకు ఉందండీ. మా నాన్న రోజూ చూసేది దాన్నే."