అక్కడే నిలబడి అడుగు నాయనా

“వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఈ ఊళ్ళో అరవై దాటిన ప్రతి మనిషికీ ఆత్మరక్షణ నేర్పిస్తాం, మా మనిషి వారం వారం వస్తాడు, ఇది నా మాట” అన్నాడంట ఎస్సై, స్కూలు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని. ఎవరితో అన్నాడూ? నాంచారమ్మతో. నాంచారమ్మంటే, తెల్లారీ తెల్లారకముందే గోంగూర కట్టలూ తోటకూర కట్టలూ తట్టకెత్తుకుని, హైవే మీద బస్సులు ఆగే చోటికి పోయి అమ్ముకొచ్చే మనిషి అనుకోండి. అప్పటికి ఆమె కుడి చెవికి ఇంత గుడ్డ కట్టుంది. ఏమైందంటే, అంతకు ముందురోజు ఒకడు మోటారు సైకిలు మీదొచ్చి, మొహం కనపడకుండా హెల్మెట్టు పెట్టుకుని, “అమ్మమ్మా, ఆసుపత్రికి ఎటు పోవాలి?” అనడిగాడంట. మన ఊళ్ళ సంగతి మీకు తెలిసిందేగా, దోవ అడిగితే నిలబడ్డ చోటి నుంచి నోటితో చెప్పం. దగ్గరికి పోతాం, మలుపుదాకా నడిచి చూపిస్తాం, ఎవరి పిల్లాడివి నాయనా, ఏమన్నా తిన్నావా అని కూడా అడుగుతాం. నాంచారమ్మా అంతే. తట్ట దించింది, దగ్గరికి పోయింది, చెయ్యి చాపి “అదిగో ఆ రైసుమిల్లు దాటినాక” అంటా ఉండగానే వాడు చెవి దుద్దు పట్టుకుని ఒక్క లాగు లాగాడంట. దుద్దుతోపాటు తమ్మె చీలిపోయింది. వాడు పోయాడు. ఈమె కొంగుతో నెత్తురు అదుముకుంటా ఏమందో తెలుసా? “పాపం, ఆసుపత్రిలో వాడి వాళ్ళకెవరికన్నా బాగా లేదేమో” అందంట. నవ్వకండి. అట్టాంటి మనిషి.

సరే, ఎస్సై మాటిచ్చాడు గదా. ఇచ్చి, “ముక్కూ మొహం తెలియనివాణ్ణి దగ్గరికి రానివ్వొద్దు, వాడెంతటివాడైనా సరే” అని ఒక ముక్క చెప్పాడు. చెప్పి, గుడ్డ కట్టున్న ఆ మనిషినే ముందు నిలబెట్టి, “చెయ్యెత్తమ్మా, ఇంకొంచెం ఎత్తు, కోపంగా చూడు” అని ఫోటో తీయించాడు. తెల్లారి పేపర్లో పడింది ఆ ఫోటో. ‘వృద్ధులకు ఆత్మరక్షణ శిక్షణ విజయవంతం’ అని కింద రాశారంట. శిక్షణంటే ఆ ఎత్తిన చెయ్యే, ఇంకేం లేదు. ఒకటో తారీఖొచ్చింది, ఎవరూ రాలేదు. ఆ పై నెలొచ్చింది, ఎవరూ రాలేదు. నాంచారమ్మ మాత్రం ప్రతి ఒకటో తారీఖుకీ ఉతికిన చీర కట్టుకుని పోయి వరండాలో కూర్చునేదంట. చెవి మానింది గానీ మనిషి రాలేదు.

ఈలోపు కొడుకు ఏడుకొండలు ఏం చేశాడంటే, తట్ట తీసుకెళ్ళి అటక మీద పడేశాడు. “ఇంక రోడ్డెక్కావంటే ఊరుకోను. ఆ ఎడమ చెవిది కూడా తీసి పెట్టెలో పెట్టు. ఈ వయసులో నీకెందుకమ్మా సోకు?” అన్నాడంట. ఆమెకి ఎక్కడో కాలింది. “దుద్దు లాక్కున్నోడేమో రోడ్డు మీద తిరగొచ్చు, నేనేమో ఇంట్లో కూర్చోవాలా? తప్పెవడిదిరా?” అంది. ఇది వినండి, ఇది నాంచారమ్మ ఒక్కదాని మాట కాదు. దోచినవాడికి రోడ్డు, పోగొట్టుకున్నవాళ్ళకి ఇల్లు. దీనికి మనవాళ్ళు పెట్టిన పేరు జాగ్రత్త! భద్రత అంటే దయ కాదు, హక్కు అని నేను గోడల మీద రాస్తా తిరిగాను గానీ, ఆమె అటక కేసి చూస్తా అడిగినట్టు నేనెన్నడూ అడగలేదు. సరే, కథలోకొస్తా. చివరికి ఆమె, “నేను నేర్చుకుంటే?” అంది. “నేర్చుకుని చూపించు, నేనే తట్ట దించిస్తా” అన్నాడు కొడుకు. ఎవరు నేర్పుతారులే అని వాడి ధైర్యం.

నేర్పింది ఎవరంటే పక్కింటి మస్తాన్‌బీ. ఆమెకి మాత్రం ఏమొచ్చు? ఏమీ రాదు. సత్తుగిన్నె నెత్తిన బోర్లించుకుని అదే హెల్మెట్టన్నదంట. చీపురు పట్టుకుని అదే మోటారు సైకిలన్నదంట. డుర్రుమని చప్పుడు చేసుకుంటా వచ్చి, “అమ్మమ్మా, ఆసుపత్రికెటు?” అనేది. నాంచారమ్మ దగ్గరికి పోయేది. మస్తాన్‌బీ చెవి పట్టుకుని, “చచ్చావు వదినా!” అనేది. మళ్ళీ వచ్చి, “అమ్మమ్మా, స్టేషనుకెటు?” అంటే మళ్ళీ పోయేది. “మళ్ళీ చచ్చావు వదినా!” గుంపుగా చేరిన ఆడాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. “ఏం చెయ్యనే, అమ్మమ్మా అన్నాక కాలు ఆగదు” అని ఈమె ఏడుపు మొహం పెట్టింది. అప్పుడర్థమైందంట వాళ్ళకి. కొట్టడం గాదు, తన్నడం గాదు, ముందు ఎడంగా నిలబడటం రావాలి. అమ్మమ్మా అన్నవాణ్ణి ఆగమనడం రావాలి. ఎన్ని రోజులు పట్టిందో గానీ, చివరికి కర్ర అడ్డంపెట్టి, “అక్కడే నిలబడి అడుగు నాయనా” అనడం వచ్చింది. అంటే ఊరికే అనడం గాదు, అరవాలి. ఆ కేక చెవిన పడ్డ ప్రతి ఆడమనిషీ అదే కేక అందుకోవాలి, అందుకుని మునుం పట్టాలి. మునుమంటే తెలుసుగా, మిరప చేలో కలుపు తీసేప్పుడు అందరూ ఒక వరసన నిలబడి ముందుకు జరగడం. ఎవరన్నా వెనకబడితే పక్కనోళ్ళు ఆమె సాలు కూడా తీసి కలుపుకుపోతారే గానీ వదిలెయ్యరు. ఆ మునుమే రోడ్డు మీద పడదామన్నారు.

ఇట్టా ఉండగా ఒకనాడు ఏమైందంటే, అందరూ కలుపుకి పోతున్నారు. నాంచారమ్మ ముందు నడుస్తోంది, మిగతావాళ్ళు కబుర్లలో పడి వెనకున్నారు. మోటారు సైకిలొచ్చి ఆగింది. హెల్మెట్టు. “అమ్మమ్మా, సర్పంచి గారిల్లు ఎటు?” ఆమె చెయ్యి చీలిన చెవి మీదికి పోయిందంట. అయినా కాలు దానంతటదే కదిలింది, చూడండి! ఒక్కడుగు వేసి ఆపుకుంది. కర్ర అడ్డం పెట్టింది. “అక్కడే నిలబడి అడుగు నాయనా” అంది. గొంతు కీచుమంది. వాడు నవ్వి, బండి దిగి, “నేనెవరనుకున్నావు?” అంటా మీదకొచ్చాడు. “అక్కడే నిలబడి అడుగు నాయనా!” ఈసారి గొంతు లేచింది. వెనకనుంచి మస్తాన్‌బీ అందుకుంది, “అక్కడే నిలబడి అడుగు నాయనా!” ఆ వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. ఒకామెకి మోకాళ్ళ నొప్పి, పక్కామె రెక్క పట్టుకుని వరసలోకి లాగింది. మునుం కదిలింది. చేతికర్రలు ముందుకు పెట్టుకుని, ఆ మాటే అనుకుంటా, తాపీగా, కలుపు తీసినంత తాపీగా వస్తున్నారంట. వాడు వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి పోయి బండికి తగిలి, బండితో సహా పంట కాలవలో పడ్డాడు. బురదలో కూర్చుని హెల్మెట్టు తీశాడు. తీస్తే ఎవరూ? మాటిచ్చిన ఎస్సై! సర్పంచి మనవడి బారసాల భోజనానికొస్తున్నాడంట.

“అయ్యో, నువ్వా నాయనా!” అని నాంచారమ్మ కొంగుతో బురద తుడవడానికి దగ్గరికి పోబోతే, మస్తాన్‌బీ రెక్క పట్టి లాగి, “మళ్ళీ చచ్చావు వదినా!” అంది. ఎస్సైకి మండింది. “డ్యూటీలో ఉన్న ఆఫీసర్ని అడ్డుకున్నారు, అందరి మీదా కేసు పెడతా” అన్నాడు. “డ్యూటీయా? మరి టోపీ ఏది సారూ?” అంది మస్తాన్‌బీ. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. “నువ్వే గదా నాయనా, ఎంతటివాణ్ణయినా రానివ్వొద్దన్నావు. నువ్వు చెప్పిందే చేశాం. నేర్పుతానన్న మనిషి ఏడి?” అంది. “మీకు వచ్చేసిందిగా, ఇంకెందుకు?” అన్నాడు ఎస్సై. “మా ఊరికి వచ్చింది. పై ఊళ్ళో ముసలోళ్ళ చెవులు చెవులు కావా? నా దుద్దు లాగినోణ్ణి పట్టుకోవడం కూడా మస్తాన్‌బీయే నేర్చుకోవాలా?” ఎస్సై చొక్కా పిండుకుంటా, “చూద్దాంలే” అన్నాడు. “తారీఖు చెప్పు” అంది నాంచారమ్మ. మునుం కదల్లేదు. “సరే, ఫిబ్రవరి ముప్పై కల్లా” అన్నాడంట. అందరూ ఊఁ అనబోయారు. “ఉండండే,” అంది మస్తాన్‌బీ, “ఫిబ్రవరికి ముప్పై ఎక్కడిది? మా ఇంట్లో గోడకి క్యాలెండరుంది సారూ.” దాంతో ఎస్సై బురద మొహం ఎర్రగా అయిపోయింది.

ఆ సాయంత్రం ఏడుకొండలు నిచ్చెన వేసుకుని అటకెక్కి తట్ట దించాడు. తెల్లారి మీరెవరన్నా ఆ దోవన పోతే చూడొచ్చు, గోంగూర కట్టలు, పక్కన కర్ర, ఎడమ చెవికి దుద్దు. దోవ అడిగితే చెబుతుంది, కాకపోతే దూరం నుంచే. ఆడాళ్ళు వాళ్ళ పని చేసేశారు. ఇంక పని మిగిలింది జీతం తీసుకునేవాళ్ళకే. ప్రతి ఊరికీ నేర్పే మనిషి రావాలి, ఆ దుద్దు లాగినవాడు దొరకాలి. లేదంటే మునుం స్టేషను వరండా దాకా వస్తుంది, అంతే తాపీగా. గడువు ఆడాళ్ళే పెట్టారు, నేను చాటుతున్నా: ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, పొద్దు గూకేలోపు.