పిల్లలిద్దరు ఒక్కింట్ల ఉండాలె

"నానమ్మా, రేపు మాకేమన్న అయితే పాపను ఎవరు పెంచాల్నో వీలునామల రాద్దామంటే మా అత్తమ్మ కీడు అని ఏడుస్తుంది. నువ్వన్న చెప్పు, రాయొచ్చా?"

రాయి బిడ్డా. ఏడిస్తె ఏడ్వనీ. నేను గూడ ఒకప్పుడు గట్లనే అంటుంటి, బతికున్నోళ్ళు సావు ముచ్చట రాసుకుంటరా అని. మన దిల్‌సుఖ్‌నగర్ ఇంట్ల కింద పోర్షన్ల సుధోళ్ళుండె, నువ్వు చిన్నగుంటివి. గుడివాడ దిక్కోళ్ళు. కిరాయి మూడు వేలు. ఇప్పుడు గా పైసలకు బండి పెట్టుకునే జాగ గూడ రాదు. మొగడు వెంకట్రావు కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తుండె. ఇద్దరు పిల్లలు. లాస్యకు ఏడేండ్లు, చిన్నుకు మూడు... మూడు గూడ నిండలే అనుకుంట.

తెలంగాణ కొట్లాట నడుస్తున్న దినాలు. ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో. మీ తాత పొద్దుగాల్నే జెండ పట్టుకొని ఎల్బీనగర్ చౌరస్తకు పోతుండె. అయినా మా ఇంటికి వాళ్ళింటికి నడుమ కూరగిన్నెలు ఆగలే, అది వేరే ముచ్చట. ఏం చెప్తున్న? ఆఁ. వాళ్ళ పెద్దమ్మ పోయిందని పిల్లల్ని నా దగ్గర ఇడిసిపెట్టి ఆలుమగలిద్దరు కార్ల విజయవాడకు పోయిన్రు. మర్నాడు తెల్లారంగ బయల్దేరినమని ఫోన్ చేసిన్రు. గంతే. మల్ల చేస్తె స్విచాఫ్.

పదకొండింటికి టీవీల ఒచ్చింది. హైవే మీద తెల్లకారు బోల్తపడ్డదట, మొగడు పెండ్లాలు పోయిన్రట. పేర్లు చెప్తలేరు. సుధోళ్ళది గూడ తెల్లకారే. టీవీ బంద్ జేసి పిల్లలకు పప్పన్నం కలిపి పెట్టిన.

టీవీ చూసి వెంకట్రావు తమ్ముడు వనస్థలిపురం కెల్లి, సుధ అన్న కొత్తపేట కెల్లి నడుసుకుంట ఒచ్చిన్రు, బస్సుల్లేవు గద. ఇద్దరు ఏడుస్తున్నరు. చెడ్డోళ్ళు గారు, అబద్ధమెందుకు. కానీ జరసేపటికే పిల్లల ముందటనే మాట్లాడవట్టిరి. పిలగాడు మా వంశపోడు, మేం తీస్కపోతమని తమ్ముడు. పిల్ల మా చెల్లె తీరుగనే ఉంటది, మేం సాక్కుంటమని అన్న. ఇద్దర్ని సాకే స్తోమత ఏ ఇంట్ల లేదని వాళ్ళకు వాళ్ళే ఒప్పుకున్నరు. కొట్లాట లేదు, పంచాయితి లేదు. పంచుకున్నరు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తోడబుట్టినోళ్ళను ఇడదీస్తరా?" అన్న.

"మీరు ఇల్లు అద్దెకిచ్చినవారు. ఇది మా ఇంటి విషయమండీ" అన్నడు తమ్ముడు, నిమ్మళంగ.

ఏమంట? ఏ హక్కుతోని అంట? తల్లిదండ్రులు ఎవరికీ ఒక్క మాట చెప్పి పోలే. లాస్య బువ్వ తినుడు ఇడిసిపెట్టి చిన్నుగాని అంగి పట్టుకున్నది.

నాలుగు దాటినంక గేటు సప్పుడైంది. జూస్తె వాళ్ళిద్దరే. అబ్దుల్లాపూర్‌మెట్ కాడ రోడ్డు ఆపిన్రట, కారు ఆడనే పెట్టి నడుసుకుంట ఒచ్చిన్రు. ఫోన్ల చార్జింగ్ లేదు, దుకాండ్లన్ని బంద్. చెప్పులు తెగి సుధ ఒట్టి కాళ్ళతోని ఉన్నది. ప్రభువా అనుకుంట నేను సుధ చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చిన.

లాస్య మాత్రం తల్లి దగ్గరికి ఉర్కలే. చిన్నుగాని అంగి ఇడువలే. "అమ్మా, నువ్వు రాకపోతే తమ్ముడు బాబాయి వాళ్ళింటికంట, నేను మావయ్య వాళ్ళింటికంట" అన్నది.

సుధ మొగనిదిక్కు చూసింది.

వారం తిరగకముందే వకీలు దగ్గరికి పోయిన్రు. వీలునామకు స్టాంపు కాయితం అక్కెర లేదట, తెల్లకాయితం మీదనే రాసిన్రు. పిల్లలిద్దరు ఒక్కింట్లనే పెరగాలె, సుధ చెల్లె పెంచాలె, ఉన్నదంత వాళ్ళ సదువుకే పెట్టాలె. ముందుగాల గా చెల్లెను అడిగిన్రు. వెంకట్రావు తమ్ముణ్ణి, సుధ అన్నను గూడ కూసోబెట్టి చెప్పిన్రు, రేపు ఎవ్వరు మనసు కష్టపెట్టుకోవద్దని. సాక్షి సంతకాలు నేను, మీ తాత. జెండ గోడకు ఆనించి, అద్దాలు పెట్టుకొని, మెల్లగ చేసిండు మీ తాత.

మొన్న లాస్య ఫోన్ చేసింది. చిన్నుగాడు ఇంజినీరింగ్‌ల చేరిండట. బీరువ సదురుతుంటె గా కాయితం దొర్కింది ఆంటీ, సగం చెదలు తిన్నయి అని నవ్వింది. నాకు నవ్వు రాలే బిడ్డా, కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

రాయి. మీ పాపకు పెండ్లీడొచ్చేదాంక మీరిద్దరు సల్లగుండాలె. మీ కాయితం గూడ అక్కెర పడకుంటనే చెదలు తినిపోవాలె.