ఒకే చోట ఇద్దరున్నారని చూపిన హన్మంతు గారు

1972 జులై 3వ తేదీన చిన్న మంగళారం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మన పరిశోధన కేంద్రంలో ప్రయోగశాల సహాయకులుగా చేరిన శ్రీ హన్మంతు గారు యాభై ఎనిమిదేళ్లు నిండి, ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ల సేవను ఒక్క పుటకు కుదించమన్న సంచిక సంపాదకుల మీద నాకు కొంచెం కోపంగానే ఉంది.

గాజు పరికరాలు కడిగే బాధ్యతతో మొదలై, ఉద్యోగం చేస్తూనే పట్టభద్రులై, 1989లో సాంకేతిక సహాయకులుగా పదోన్నతి పొందిన వారి ప్రస్థానంలో ఆడంబరం లేదు, అలసత్వమూ లేదు. పరీక్షించాల్సిన జన్యువులన్నీ రాసుకున్న తమ చేతిరాత పుస్తకంతో సరిపోల్చనిదే ఏ నివేదిక మీదా సంతకం పెట్టేవారు కారు. భీమవరం నుంచి వచ్చి, 1999లో ఇక్కడ కంప్యూటర్ విభాగం చేపట్టిన నాకు ఆ పుస్తకాన్ని చూస్తేనే ఒళ్లు మండేది.

2004లో కొండకల్ నుంచి వెన్నెల అనే ఆరేళ్ల పాప రక్తనమూనా వచ్చింది. జబ్బేమిటో తెలియక రెండేళ్లుగా దవాఖానల చుట్టూ తిరుగుతున్న తల్లిదండ్రులకు మన జన్యు పరీక్షే చివరి ఆశ. లోపమేమీ లేదని నివేదిక సిద్ధం చేశాను. హన్మంతు గారు సంతకం పెట్టకుండా ఆపేశారు. వారి పుస్తకంలో ఉన్న ఒక జన్యువు నా కంప్యూటర్ జాబితాలో లేదు.

"ఆ జన్యువూ, నా జాబితాలో ఉన్న ఇంకొకటీ ఒకే స్థానంలో ఉన్నాయండీ. ఎక్సాన్లనే భాగాలు కూడా కలుస్తున్నాయి. ఒకే జన్యువు రెండుసార్లు నమోదైందనుకుని ఒకదాన్ని తీసేశాను" అన్నాను, కాస్త పెడసరంగానే.

"మేడం, మా అన్న, నేను ఒక్క ఇంట్లనే ఉంటం. ఇంటి నంబరు ఒక్కటే, బోరు ఒక్కటే. గిట్లనే కంప్యూటరోళ్లు ఒక్కటే కుటుంబం అనుకొని అన్న రేషన్ కార్డు తీసేసిండ్రు. మా వదినకు ఆరు నెలలు బియ్యం రాలే. జర మల్ల చూడుండ్రి."

చూశాను. కొన్ని భాగాలను పంచుకుంటూనే వేర్వేరు ప్రొటీన్లను తయారుచేసే రెండు జన్యువులవి. నేను తొలగించిన జన్యువుకు మాత్రమే చెందిన భాగంలో వెన్నెల లోపం బయటపడింది. జబ్బు పేరు తెలిసి, తగిన వైద్యం మొదలైంది.

సిగ్గుతో తలెత్తలేకపోయిన నాతో, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పాప రోగం దొరికింది గద, చాయ్ తాగుదాం పదుండ్రి" అన్నారు. పొరపాటు నాదని వారు ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

ఇకపై వారి బల్ల దగ్గర, వారి స్థానంలో కొత్తగా చేరుతున్న మమత కూర్చుంటుంది. చోటు ఒకటేనని హన్మంతు గారి పేరును తీసేసే పొరపాటు మాత్రం మళ్లీ చేయను. సన్మాన సభకు పూలదండ తెస్తున్న వెన్నెలకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆ పాప చదివి, ఉద్యోగం చేసి, విరమించే రోజున కూడా నూట ఏడేళ్ల హన్మంతు గారు సంపూర్ణ ఆరోగ్యంతో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ముందువరుసలో కూర్చోవాలని మనసారా కోరుకుంటున్నాను.

— అరుణకుమారి, కంప్యూటర్ విభాగం