డేవిడ్ సారు అడిగిన బలం

ఏం రాస్తున్నవే నిరోషా, గింతసేపటి సంది? సంఘం గురించా? సాయం జేసేటోళ్లకు పంపుతవా? గట్లయితే డేవిడ్ సారు ఉండాల్సింది బిడ్డా. నువ్వు సూడలే ఆయనను. నల్లగొండల ఉంటుండె. సన్నగ, పొడుగ్గ, సంకల సంచి. చిన్న చిన్న సంఘాలకాడికి పోయి, దాతలకు మీ గురించి ఎట్ల చెప్పుకోవాల్నో నేర్పుడే ఆయన పని. గదేం పనే అని నవ్వుకున్నం మేము. గప్పుడు మన సంఘం అర్ర మూతవడేటట్టుండె. పుష్పమ్మ పెట్టింది గదా, ఫ్లోరిన్ నీళ్లు తాగి బొక్కలు వంగిన నా అసొంటోళ్లకు ఇంత కాపడం, ఇంత నూనె మర్దన, జర ముచ్చట. అది పోతే ఎవలింట్ల వాళ్లం మంచానికి అతుక్కపోవుడే. కిరాయి గట్టేటోళ్లు లేరు. వచ్చినోళ్లకల్లా వంగిన కాళ్లు సూపెడ్తుంటిమి. మర్రిగూడ చుట్టుముట్టు సంఘాలన్ని గవే కాళ్లు సూపెట్టె. సూసీ సూసీ దాతలకు గూడ యాష్టకొచ్చె.

సారు చాప మీద కూసొని, "నర్సింగమ్మవ్వా, మీ బలం ఏంది?" అని నన్నే అడిగిండు. "బలం గోళీలు మింగిన సారూ, ఏం పట్టలే" అన్న. పక్కామె, "నాకు డాక్టరు సూది గూడ ఇచ్చిండు" అన్నది. పుష్పమ్మ అయితే, "మాకు బలమే ఉంటే నిన్నెందుకు పిలుస్తుంటిమయ్యా!" సారుకు నవ్వాగలే. "గట్ల గాదు తల్లీ, ఏ సంఘం కాడ లేనిది మీకాడ ఏమున్నది?" అంటె, ఏం లేదన్నం. నిజంగనే ఏం లేదనుకున్నం.

ఆయన పోలే, ఆడనే కూసున్నడు. పొద్దు దిగుతాంది. మేము ఎప్పటిలెక్కనె అర్ర ముంగటి మెట్ల మీదికి పోయినం. మా చేతులు భుజం దాటి లేవయి గదా, ఎవల తల వాళ్లు దువ్వుకోలేం. కింది మెట్టామె తల మీది మెట్టామె చేతికి అందుతది. గట్ల వరస. అందరికన్న మీదామె ఆఖరుకు దిగొచ్చి కింద కూసుంటది. కొబ్బరినూనె వాసన, వీపు మీద నీరెండ, దువ్వెన అట్ల అట్ల పోతాంటె కండ్లు మూతలువడ్తయ్. నాకైతె మా అవ్వ ఒళ్లె పండుకున్నట్టే ఉంటుండె. ఇప్పటికి గూడ, కండ్లు మూస్తె... ఆఁ, ఏం జెప్తున్న? సారు. లేచి నిలవడి, మెల్లగ, "ఇదేనమ్మా" అన్నడు. "కాళ్లు సూపెట్టకుండ్రి. ఇది సూపెట్టుండ్రి."

పైసలిచ్చేటోళ్ల తరఫున పట్నం నుంచి స్నేహలతమ్మ అని వస్తదన్నరు. ఆమె సరేనంటెనే అర్ర నిలుస్తది. మేమేం జేసినమో ఎరికేనా? పెద్దమనిషి వస్తాంది, చింపిరి తలలతోటి ఎట్లుంటం అని, పొద్దుగాల్నే కోడండ్లతోటి దువ్విచ్చుకొని, పూలు వెట్టుకొని, మెట్ల మీద తీరుగ కూసున్నం! సారు సూసి నెత్తిన చెయ్యి వెట్టుకున్నడు. కారు ఆగనే ఆగింది. ఆమె దిగి, "అందరు మంచిగనే ఉన్నరు గదా" అన్నది. ఇంక అర్ర పోయినట్టే అనుకున్న. పుష్పమ్మకు కోపమొచ్చె, మా మీదనే. "కొప్పులు ఇప్పుండ్రే!" అన్నది. ఎవల కొప్పు వాళ్లకు అందదాయె, కిందామెది మీదామె ఇప్పింది. ఆమెది ఆ మీదామె. పూలన్ని మెట్ల మీద రాలినయ్. మళ్ల మొదలువెట్టినం. స్నేహలతమ్మ సూసుకుంట నిలవడ్డది. ఎన్కకు చెప్పులిడిచి, వచ్చి, కింది మెట్టు మీదున్న నా ముంగట మట్టిల కూసొని తన జుట్టు క్లిప్పు తీసింది. గంతే. అర్ర నిలిచింది.

సారు కరోనల పోయిండు. మట్టివెట్టేకాడికి గూడ రానియ్యలే మమ్ముల. మంచోడు బిడ్డా, శాన మంచోడు. కబురు తెలిసినాడు గూడ మెట్ల మీదనే కూసున్నం, ఎప్పటిలెక్కనె. దువ్వెనలు ఒళ్లనే ఉన్నయ్. ఎవ్వలకు చెయ్యి లేవలే...