ద్వారబంధానికి తగిలే మనిషి

ఏందమ్మా, ఆరోగ్య సర్వే అంటే నడుం చుట్టుకొలత కూడానా? కొలుచుకో. చొక్కా ఎత్తాల్నా? ఎత్తినాలే. నవ్వబాక, ఆ పొట్ట నాది కాదు, మా కోడలు వేసే నెయ్యిది. ఎంతొచ్చింది? అబ్బో! దీన్ని బట్టి షుగరొస్తాదో గుండెనొప్పి వస్తాదో చెప్పేస్తారా మీరు? చైత్ర అన్నావు గదూ పేరు? ఆత్మకూరా మీది? మంచిది. చూడు తల్లీ, నడుము కొలుచుకో, బరువు చూసుకో, చెయ్యి లావెంతో అదీ చూసుకో. ఎత్తు మటుకు కడాకు పెట్టుకో. ఎత్తంటే నాకు మా బావ గుర్తుకొస్తాడు. కూర్చో, ఆ మంచం మీద కూర్చో. నులక వదులైంది, ఊగుతాది గానీ తెగదు.

బావంటే మా శీనమ్మక్క మొగుడు, జనార్దనయ్య. కలువాయి పక్క మనిషి. మా నాయన మంచాన పడినాడు, నేనింకా నిక్కర్లేసుకొని తిరగతా ఉండా, సేద్యానికి మనిషి లేడు. అందుకని ఇల్లరికం తెచ్చుకున్నాం. ఎంత పొడుగనుకున్నావు! నీ వెనకాల ఉండాదే, ఆ వాకిలి చూడు. పెళ్ళిరోజు కుడికాలు లోపల పెట్టబోతా టప్పున ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాడు. బాసికం పక్కకు పోయింది. మా మేనత్త వెంకమ్మ నోరు ఊరుకుంటాదా? "ఒసే శీనా, నీ మొగుడికి ఇల్లు చాల్లేదే! పైకప్పు లేపించమను మీ నాయన్ని!" అనింది. పందిట్లో అందురూ ఒకటే నవ్వు. ఆయనా నవ్వినాడు, నుదురు రుద్దుకుంటా. మరుసటేడు ఆయనకు విషజ్వరం వచ్చింది. మా ఇంట్లో ఒక మొక్కుబడి ఉండాది. జబ్బు మనిషిని తలకాడ్నించి మడమదాకా నూలుదారంతో కొలిచి, దాన్ని వత్తి చేసి, నరసింహస్వామి పటం ముందర వెలిగిస్తాం. నిలువు వత్తి అంటాం. గోడకానించి నిలబెట్టి కొలవాలంటే మా అమ్మకు అందలా, పీటెక్కింది. "నాయనా, నువ్వు బతికితే చాలు, నూలు ఎంతైనా కొంటాలే" అనింది. బతికినాడు.

బతికి ఏం చేసినాడు? మా నీళ్ళు తాగినాడు.

మా బోరు నీళ్ళు చూడను పన్నీరు మాదిరే ఉంటాయి. లోపలంతా ఫ్లోరైడు. మీకు తెలీందేముండాది, చదువుకున్నోళ్ళు. నేను నెల్లూరులో రైసుమిల్లు పనికి పొయ్యి ఏండ్లపాటు ఆడనే ఉండబట్టి ఈ మాత్రం నిలబడి ఉండా. అక్కకు మోకాళ్ళు పోయినాయి. బావకు నడుము పోయింది. ముందర మెడ తిరగలా, తర్వాత వీపు బిగుసుకునింది, ఆమైన కొంచెం కొంచెంగా ముందుకు ఒరిగిపోయినాడు. ఓట్లప్పుడు ఒకాయన వచ్చినాడు, ఈ అరుగు మీదనే నిలబడి, "తల్లులారా, మీ గొంతు తడపడమే నా జీవిత ధ్యేయం!" అన్నాడు. నీళ్ళ ప్లాంటు పెట్టించినాడు, రిబ్బన్ కత్తిరించినాడు, ఫోటో దిగినాడు. వానాకాలం తిరక్కముందే మోటారు కాలిపోయింది. ఆ ఫోటోలో మా బావ కూడా ఉండాడు. నేలకేసి చూస్తా ఉంటాడు. ఆ ఓట్లాయన ధ్యేయం తీరింది. మా బావ ఏమనేవాడో తెలుసునా? "మీ ఊరి వాకిళ్ళు పొట్టివి గదరా బామ్మర్దీ, అందుకే సర్దుకున్నా" అనేవాడు. నిజంగానే, కడాకు ఈ వాకిట్లో తల వంచే పనే లేకుండా పోయింది ఆయనకు.

ఆ? చెప్తా ఉండా గదా. ఒక ఎండాకాలం మేకల్ని తోలుకొని కొండ కిందికి పోయినాడు. పొద్దుగూకి మేకలొచ్చినాయి, మనిషి రాలా. ఊరు ఊరంతా వెతికినాం. స్టేషన్లో రాయించినాం. "ఎత్తెంతమ్మా?" అని అడిగినాడు రాసుకునే ఆయన. అక్క లేచి, చెయ్యి ఇట్టా తన భుజానికి ఆనించి, "ఇక్కడికొస్తాడు సార్" అనింది. అబద్ధం కాదే అది! దినామూ పక్కన నిలబడి చూసే మనిషి గదా, ఇంకెట్టా చెప్తాది?

వానలు పడినాక వాగులో ఎముకలు బయటపడినాయని పిలిచినారు. పొయినాం. ఒక తుండుగుడ్డ ముక్క, కాలి ఎముకలు, ఒక చెయ్యి. నడుమూ వెన్నూ ఏమీ లేవు, నక్కలు లాక్కపోయినాయో, నీళ్ళలో పోయినాయో. తుండుగుడ్డ ఎర్రగళ్ళది. అయితే ఎర్రగళ్ళది లేని మగోడు ఎవుడుండాడు ఈ పక్కన? డాక్టరు, పసిబిడ్డ మాదిరుండాడు పాపం, తొడ ఎముకను పలక మీద పెట్టి కొలిచినాడు. లెక్క వేసినాడు. "ఈ మనిషి ఆరడుగులకు కొంచెం తక్కువ. మీరు చెప్పే మనిషి పొట్టి. మీవాడు కాదమ్మా, ఊరట పడండి" అన్నాడు. ఊరటంట! డీఎన్ఏ అంటారే, దానికి కన్నబిడ్డలదో తోడబుట్టినోళ్ళదో రక్తం కావాలన్నారు. వాళ్ళకు బిడ్డల్లేరు, ఆయనకు తోడబుట్టినోళ్ళూ లేరు. ఆ ఎముకల్ని దిక్కులేని శవాల్లో కలిపేసినారు.

అక్క బొట్టు తియ్యలా. ఊళ్ళో పేరంటం వస్తే పిలవాల్నా వద్దా అని వాకిట్లో నిలబడే గుసగుసలు. మొగుడుండాడా, పోయినాడా అని. ఇదిగో, ఈ అరుగు మీదనే కూర్చోని కొండ దోవ చూస్తా ఉండేది. మేకలు వచ్చే పొద్దుకు మరీ.

అట్టా ఏండ్లు పోయినాయి. నాకు నడుం నొప్పి ముదిరితే నెల్లూరులో ఎముకల డాక్టరమ్మకు చూపించుకున్నా. అమ్మా, నేను కురచైపోతా ఉండానే అన్నా. ఆమె నవ్వి, "కురచ కాలేదు పెద్దాయనా, వంగినావు. కాళ్ళ ఎముకలు ఎంతుండేవో అంతే ఉంటాయి" అనింది. ఆ మాట ఇని, మరి మా బావ కూడా వంగినోడే గదా అనుకున్నా. బస్సులో ఆత్మకూరు దాటిందీ తెలీలా, ఉదయగిరి వచ్చిందీ తెలీలా.

ఇంటికొచ్చి చెప్పినా. "అక్కా, ఆ ఎముకలు బావవే" అన్నా. ఏడస్తాదనుకున్నా. ఏడవలా. అడిగింది, "అంటే నారాయణా, ఆ డాక్టరు లెక్కలో ఆయన నిటారుగా ఉన్నాడా?" అని. ఉన్నాడక్కా, పెళ్ళినాడు ఎట్టుండాడో అట్టే ఉన్నాడు అన్నా. లేచింది. మోకాళ్ళు పట్టుకొని, గోడ పట్టుకొని, ఆ వాకిలి కాడికి పొయ్యింది. నూలుదారం తెచ్చి ఒక కొస కడప మీద అదిమిపట్టమని నాకిచ్చింది. రెండో కొస ద్వారబంధం దాకా పట్టి, "నుదురు గదా తగిలింది" అని, ఇంకో నాలుగు వేళ్ళు వదిలి తెంచింది. వత్తి చేసి వెలిగించింది. అదంతా కాలిందాకా దాని ముందరే కూర్చునింది. ఆమైన కొంగుతో బొట్టు తుడిచేసుకొని, "ఇంక కొండకేసి చూసే పన్లేదురా" అనింది. పోయినేడు ఆమె కూడా...

ఊఁ. లెయ్యాల్నా? సరే, ఆ వాకిలికే ఆనుకుంటాలే, కొలువు. నిటారుగానా? ఇదేనమ్మా నా నిటారు. రాసుకో... ఏందదీ, యాడికి చెయ్యి పెడతా ఉండావు? ఆ బిందెలోవి తాగబాక తల్లీ, బోరువి. మా కోడలు లోపల క్యాను పెట్టి ఉండాది, ఉండు, పిలస్తా.