ఎసెన్‌ దానికంటే పెద్ద దవడ

నారిన్ నది ఒడ్డున బురుల్ అక్క టీ కొట్టు. ఆ రోజు మామిర్ తాత అక్కడికి రావడానికి కారణముంది: కొత్త వంతెనకు కంకర, ఇసుక ఎవరి దగ్గర తీసుకోవాలో ఆయన మాటే ఆఖరు. పోటీలో ఇద్దరు. నోరు విప్పని ఎసెన్, నోరు మూయని కుబాత్. బురుల్ అక్క అందరి గిన్నెల్లోనూ అడుగున కాస్తంత టీ పోసింది. అక్కడి మర్యాద అది. కొంచెం పోస్తే, కూర్చో, మళ్ళీ పోస్తానని. అంచుదాకా పోస్తే, తాగి లేవమని.

"ఎసెన్ యంత్రాలా?" అందుకున్నాడు కుబాత్. "చూశాన్లే తాతా! బండను దవడతో కొరికి పగలగొట్టడానికొకటి, కంకర నలగ్గొట్టడానికొకటి, ఇసుక చెయ్యడానికి ఇంకొకటి. పళ్ళూడిన ముసలమ్మకు ముగ్గురు కోడళ్ళు నమిలిపెట్టినట్టు! నేను కొనడానికెళ్ళి ఒకటే అడిగా: 'ఎసెన్‌ దానికి రెట్టింపు దవడ ఉన్నదివ్వండి.' తెచ్చి గొర్రెంత బండ వేశా. కటుక్కు! అంతే, కంకర."

"మొన్న గొర్రెపిల్లంత అన్నావే?" అంది బురుల్ అక్క.

"పెరగదా మరి అక్కా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రమంత బండ వేశా, ఇల్లంత బండ వేశా, దాని ఆకలి తీరితేగా! తనే కొండెక్కి శిఖరం కొరికింది. మంచు గొంతుకడ్డం పడి తుమ్మింది తాతా! ఆ తుమ్ముకు రాలిన ఇసుక ఎంత మెత్తనంటే, మా ఆవిడ పిండనుకుని రొట్టెలు కాల్చింది. విందుకొచ్చినవాళ్ళు అడిగి మరీ తిన్నారు!"

"వాళ్ళు లేవగలిగారా?" అన్నాడు ఎసెన్, మొదటిసారి.

"నువ్వు మాట్లాడకు! నా యంత్రం ఉరిమితే నీ మూడూ జడిసి గులకరాళ్ళే గుడ్లుగా పెట్టాయట! అయినా అన్నీ నీకే. బళ్ళో మొదటి బెంచీ నీకే, గుర్రాలెక్కి మేక కోసం పెనుగులాడే ఆటలో మేక నీకే, ఇప్పుడు వంతెన కూడానా?"

ఎవరూ నవ్వలేదు. బురుల్ అక్క కెటిల్ అందుకుంది.

"ఆ రొట్టెలు కాల్చిన తందూరే కదూ, మొన్న బీట పడింది? అది పూడ్చడానికి మీ ఆవిడ బక్కెట్టు పట్టుకుని ఎసెన్ వాళ్ళింటికి ఇసుకకెళ్తూ ఇక్కడ ఆగింది. 'మా ఆయన దవడ రాల్చేది పెచ్చులూ దుమ్మూనే అక్కా, నీళ్ళు పోస్తే బురద' అంది."

కుబాత్ తాతవైపు చూశాడు. తాత కుబాత్ గిన్నెవైపు చూసి, "పోయమ్మా," అన్నాడు.

ఎసెన్ గిన్నెలో మళ్ళీ ఒక గుక్కెడే పడింది. కుబాత్ గిన్నెలో టీ అంచుదాకా లేచి నిలిచింది.

పుట్టి బుద్ధెరిగాక, ఎసెన్ కంటే అతనికి ఎక్కువ దక్కింది ఆ ఒక్కసారే.